ముసలమ్మకు పక్క

మార్ల్‌కోట్ ఊళ్లో ఏది ఒరిగినా క్లెమెంట్ ప్రీస్‌కే కబురు వెళ్లేది. కొట్టం గోడ ఉబ్బినా, చర్చి గేటు స్తంభం పక్కకు వాలినా, కాపు బరువుకు ఆపిల్ కొమ్మ నేలచూపులు చూసినా, "క్లెమ్‌ను పిలవండి" అనేవారు. అతను బండిలో నాలుగైదు పంగలగుంజలు వేసుకుని వచ్చేవాడు. ఒరిగినదాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక కన్ను మూసి చూసి, "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ పడ్డాక ఇక అది పడదని ఊరి నమ్మకం. ఇంగ్లండులోని హెరెఫర్డ్‌షైర్‌లో ఆ మూలన ఇప్పటికీ రెండు కొట్టాలు, ఒక పందుల దొడ్డి అతని గుంజల మీదే నిలబడి ఉన్నాయి.

పనితనానికి వంక పెట్టడానికి వీల్లేదు. కాకపోతే అది పని దాటి పిచ్చిదాకా వెళ్లింది. ఎవరింటికి టీకి వెళ్లినా గోడ మీద పటం వంకరగా కనబడితే చాలు, కప్పు కింద పెట్టి లేచి వెళ్లి సరిచేసి వచ్చేవాడు. అతను పబ్బులో అడుగు పెట్టగానే కమ్మరి రూబెన్ గొంతెత్తి, "ఒరేయ్, క్లెమ్ వస్తున్నాడు, నిటారుగా కూచోండి! లేకపోతే చంకలో గుంజ పెట్టేస్తాడు!" అని అరిచేవాడు. అందరితో పాటు క్లెమ్ కూడా నవ్వేవాడు. నవ్వుతూనే వంగి, రూబెన్ కూర్చున్న బల్ల కుంటుతోందని దాని కాలి కింద చెక్కముక్క దోపేవాడు.

నవ్వలేని సంగతి ఒకటుంది. అతనికి పదకొండేళ్లప్పుడు, బీరులో వేసే హాప్ కాయలు ఎండబెట్టే కొట్టం గోడ కూలి వాళ్ల నాన్న చనిపోయాడు. ఆ గోడ ఉబ్బిందని ఆ వేసవంతా అందరికీ తెలుసు. కోతలయ్యాక చూద్దాంలే అనుకున్నారు. కోతలు ఇంకో వారంలో అయిపోతాయనగా అది కూలింది. ఆనాటి నుంచి క్లెమ్ దేన్నీ తర్వాత చూద్దామని వదిలిపెట్టలేదు.

1946లో, ముప్ఫై నాలుగేళ్ల వయసులో, డోర్కస్ యాప్‌ను పెళ్లాడి వాళ్లింటికే వచ్చి ఉన్నాడు. మన లెక్కలో ఇల్లరికం. అప్పటికి మామగారు ఆమోస్ యాప్ పోయి రెండేళ్లయింది. ఒక్కతే కూతురు కనుక ఇల్లూ, గానుగా, ఇంటి వెనక వాగుదాకా దిగే తోటా ఆమెవే. ఆ తోటలో పదకొండు బేరిచెట్లు. పళ్లంగడిలో దొరికే బేరి కాదు, కల్లు బేరి. చర్చి గోపురమంత పెరుగుతుంది, మూడు వందల ఏళ్లు బతుకుతుంది, గోలీకాయంత కాయ కాస్తుంది. ఆ కాయ కొరికితే నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. అదే కాయను గానుగలో ఆడి, రసం పీపాల్లో పోసి, వసంతం దాకా ఆగితే వచ్చే కల్లును తాగినవాళ్లు యాప్‌లింటి గుమ్మం మరిచిపోరు.

పదకొండింటిలో వాగుకు దగ్గరగా ఉన్నదాన్ని ముసలమ్మ అనేవారు. డోర్కస్ ముత్తాత పుట్టకముందే ఆ చెట్టు ముసలిదట. ఆ రకం ఇంకెక్కడా లేదు. పక్క ఊళ్లలో వెతికారు, లేదు. డోర్కస్ మిగతా చెట్ల రసమంతా కలిపేసేది కానీ ముసలమ్మ రసానికి మాత్రం వేరే పీపా పెట్టేది.

1947 శీతాకాలంలో మంచు నడుముల దాకా పడింది. మార్చిలో అదంతా ఒక్కసారి కరిగి వాగు పొంగింది. నీళ్లు తీశాక చూస్తే ముసలమ్మ వాగువైపు ఒరిగి ఉంది. క్లెమ్ వెంటనే బండి దగ్గరికి పరిగెత్తబోయాడు. డోర్కస్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"దానికి గుంజ పెట్టకు క్లెమ్. పడుకుంటానంటోంది, పడుకోనీ."

"పడుకోవడమేంటి? అది చెట్టు, మీ అమ్మమ్మ కాదు."

"రా చూపిస్తా" అని తోట మూలకు తీసుకెళ్లింది. అక్కడ ఇంకో బేరిచెట్టు ఉంది. దాని మాను నేల మీద పొడుగ్గా పడి ఉంది. నేలకానిన చోట దాని పెద్దకొమ్మ వంపు, అంటే మోచేయి, మట్టిలోకి దిగి వేర్లు పోసింది. అక్కడి నుంచి మూడు మానులు పైకి లేచి, మూడు చెట్లంత కాస్తున్నాయి. ఆమోస్ వాళ్ల తాతగారి కాలంలో ఒరిగిందది. యాప్‌లు దాన్ని నిలబెట్టలేదు. తల బరువు కాస్త కోసి, మోచేయి ఎక్కడ ఆనుతుందో చూసుకుని, అక్కడ ఏటా మట్టి మెత్తగా పరిచారు. పదిహేనేళ్లకు అది నెమ్మదిగా దిగి ఆ మట్టి మీద ఆనింది. ఆ ఇంట్లో దాన్ని పక్క వేయడం అనేవారు.

క్లెమ్ ఆ చెట్టును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. అతనికది చెట్టులా కనిపించలేదు. ఎవరో పట్టించుకోక పాడుచేసిన దానిలా కనిపించింది.

"పడ్డదాన్ని పడ్డట్టే వదిలేసి దానికో పేరు పెట్టుకున్నారు మీవాళ్లు" అన్నాడు.

ఆ సాయంత్రం టీ వేళకు ముసలమ్మ కింద గుంజ పడింది.

డోర్కస్ దెబ్బలాడే మనిషి కాదు. నవంబరులో గానుగ పని అయిపోగానే, తోపుడుబండిలో ఏవేవో వేసుకుని తోటలోకి వెళ్లి, ముసలమ్మ మోచేయి వంగిన చోట పోసి వచ్చింది. క్లెమ్ అడిగితే "ముసలమ్మకు పక్క వేశా" అంది నవ్వుతూ. జనవరిలో గుంజ సరిచేయడానికి వెళ్లిన క్లెమ్‌కు ఆ కుప్ప అడ్డం వచ్చింది. మెత్తటి మట్టి మీద గుంజ నిలవదు. జారుతుంది. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకని పారతో ఆ కుప్పంతా ఎత్తి వాగు గట్టు మీద పోశాడు. పాలగదిలోంచి మూడు నాపరాళ్లు తెచ్చి ఆ చోట వరసగా పరిచి, గుంజను రాతి మీద నిలబెట్టాడు. కుప్ప అడుగున నేలకు అంటుకుపోయిన పొరను మాత్రం తియ్యడానికి బద్ధకించి రాళ్ల కిందే వదిలేశాడు.

మళ్లీ నవంబరులో ఆమె రాళ్ల మీదే పక్క వేసింది. మళ్లీ జనవరిలో ఇతను తీసేశాడు. ఇది ఏటేటా జరిగింది. ఊళ్లోవాళ్లకు అదో వినోదం. "ఏమ్మా డోర్కస్, ఈ ఏడు పక్క వేశావా? మీ ఆయన ఎత్తేశాడా?" అని అడిగేవాళ్లు. "ఆయన ఎత్తాల్సింది ఎత్తుతాడు, నేను వెయ్యాల్సింది వేస్తాను, మాకూ ఏదో ఓ పని ఉండాలిగా" అనేది ఆమె.

ఒక్కసారి మాత్రం, పెళ్లయిన పన్నెండో ఏడు, పారకు అడ్డంగా నిలబడింది.

"ఈ ఒక్క ఏడూ వదిలెయ్ క్లెమ్. నువ్వు గుంజ పెట్టిన కొద్దీ దాని తల బరువెక్కుతోంది. దిగాల్సినప్పుడు దిగనివ్వకపోతే ఒకనాడు విరుగుతుంది."

"వదిలేస్తే ఇవాళే పడుతుంది."

"పడదయ్యా, పడుకుంటుంది. రెండిటికీ తేడా తెలీదా నీకు?"

క్లెమ్ పార మీద ఆనుకుని, "మా నాన్న మీద పడ్డ గోడ కూడా ముందు ఇలాగే వంగింది" అన్నాడు.

డోర్కస్ పక్కకు తప్పుకుంది. చచ్చిపోయిన తండ్రిని తెచ్చి ముందు నిలబెడితే ఎవరు మాత్రం ఏమనగలరు? క్లెమ్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు. అంతకుముందూ అన్నాడు, ఆ తర్వాతా అన్నాడు. తండ్రి చావును ఇంట్లో మాట నెగ్గడానికి వాడుకున్నానని చివరి రోజుల్లో తనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు వినడానికి అప్పటికి ఆమె లేదు.

ఏళ్లు గడిచాయి. పిల్లలు పుట్టలేదు. దానికి ఇద్దరూ కొంతకాలం బాధపడి, తర్వాత ఊరుకున్నారు. మొదటి గుంజ పుచ్చితే ఓక్ దుంగ పెట్టాడు. అది చాలక రైలు పట్టాల కింద వేసే చెక్కదిమ్మ తెచ్చి రెండో ఊతగా నిలిపాడు. బెరడు ఒరుసుకోకుండా గోనెపట్టా చుట్టాడు. ముసలమ్మ కాస్తూనే ఉంది. అయినా ఎన్ని గుంజలు పెట్టినా ఆ మోచేయి ఏడాదికో వేలెడు కిందికి దిగుతూనే వచ్చింది. క్లెమ్ ప్రతి వసంతంలో కొలిచేవాడు. కొలిచి దిగులుపడేవాడు.

1969 ఫిబ్రవరిలో డోర్కస్ మంచం పట్టింది. ఊపిరితిత్తులు. కిటికీలోంచి తోట కనపడేలా ముందుగదిలో మంచం వేశాడు. ఆమె బతకదని డాక్టరు అతనికి చెప్పాడు. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఒక మధ్యాహ్నం పులుసు తాగిస్తుంటే చెంచా పక్కకు నెట్టి, "క్లెమ్, ఈ ఏడు ఆ గుంజలు తీసెయ్" అంది.

"ముందు ఇది తాగు."

"తాగుతాలే. ఒక్కసారిగా తియ్యకు. తల కాస్త కోసి, గుంజ చివర ఏటా జానెడు కొయ్యి. నెమ్మదిగా దిగుతుంది. దిగేచోట పక్క వెయ్యి. నిన్ను ఇన్నేళ్లలో పెద్దగా ఏం అడిగాను?"

"తీస్తాలే" అన్నాడు.

"ఒట్టేం వద్దు. తీసెయ్, అంతే."

మార్చి పదకొండున ఆమె పోయింది. ఖననానికి ఊరంతా వచ్చింది. ముసలమ్మ పీపాలోంచి తలా ఒక గ్లాసు పోశాడు. జనం వెళ్లిపోయాక కోటు విప్పకుండానే తోటలోకి వెళ్లి, రంపం పట్టుకుని చెట్టు ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఏడు ఇంట్లో పడిపోవాల్సింది పడిపోయింది, ఇంకొకటి పడిపోతుంటే తన చేతులతో సాయం చెయ్యలేననిపించింది. రంపం తెచ్చి గోడకు తగిలించాడు. మర్నాడు వెళ్లి మూడో గుంజ పెట్టాడు. ఆమెకిచ్చిన మాట తప్పుతున్నానని తెలుసు. ఆమె చెట్టును కాపాడుతున్నాను కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ వేసవిలోనే మోచేయి అడుగున బొడిపెలు లేచాయి. బెరడు చిట్లి, బఠానీగింజలంతేసి, గుంపులుగుంపులుగా. తెగులు అనుకున్నాడు. ఆ లోయలో బేరిచెట్లకు పుండుతెగులు కొత్త కాదు. చలికాలం రాగానే మోకాళ్ల మీద కూర్చుని, కత్తితో ఒక్కో బొడిపె గీకి, వేడి తారు పూశాడు. మరుసటి ఏడు ఇంకా ఎక్కువ లేచాయి. మళ్లీ గీకాడు, మళ్లీ పూశాడు. మూడో ఏడూ అంతే. చేతులు బొబ్బలెక్కేవి. అంత శ్రద్ధగా అతను డోర్కస్‌కు మందైనా పట్టాడో లేదో చెప్పలేను.

ఆ మధ్యలో ఒకసారి టాబితా యాప్ వచ్చింది. డోర్కస్‌కు పెదనాన్న కూతురు. పక్క వీధిలో ఉంటుంది, చెట్లకు అంట్లు కడుతుంది. నోరు మాత్రం కత్తి.

"ఏమయ్యా క్లెమ్, ముసలమ్మ రెమ్మలు నాలుగివ్వు. అంటు కట్టి పెడతా. ఇదొక్కటే ఉంది లోకంలో."

"కొత్త రెమ్మలెక్కడున్నాయి? ఉన్న బలం కూడా కోసుకుపోతావా? నిలబడే ఉందిగా."

"నిలబడటమేం నిలబడటం! మూడు కర్రల మీద వేలాడుతోంది" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

1972 అక్టోబరు. కాపు విరగకాసింది. వారం రోజులు వానలు పడి తెరిపిచ్చాయి. ఆ గురువారం పొద్దున ఆకు కదలడం లేదు, గాలన్నదే లేదు. క్లెమ్ వంటగదిలో రొట్టె కోసుకుంటున్నాడు. తోటలోంచి బండి ఇరుసు విరిగినట్టు చప్పుడైంది. ఆ వెంటనే నేల అదిరింది. రొట్టె కత్తి చేతిలో ఉండగానే పరిగెత్తాడు.

మూడు గుంజలూ నిలబడే ఉన్నాయి. గాలికీ వానకీ చెక్కుచెదరకుండా, అతను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చెట్టే వాటి మీద విరిగింది. మూడో గుంజ తగిలిన చోట మాను నిలువునా చీలి, పై సగం అంతెత్తు నుంచి పడింది. మొదలు దగ్గర ఒకవైపు వేర్లు పైకి లేచి ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆ వైపు బరువు మొయ్యాల్సిన అవసరం లేకపోయేసరికి అవి బొటనవేలి లావు కూడా పెరగలేదు. ఆ బరువుకు మోచేయి నాపరాళ్ల మీద పడి తునాతునకలైంది. కాయలు వాగుదాకా దొర్లిపోయాయి.

చప్పుడు విని టాబితా వచ్చింది. తన చేతికర్ర పక్కన పడేసి, విరిగిన మోచేయి దగ్గర కూర్చుని, నల్లటి చోట గోటితో గీకింది.

"ఏంటిది?"

"తెగులు. డోర్కస్ పోయిన ఏడు మొదలైంది. మూడు చలికాలాలు గీకి తారు పూశా. లొంగలేదు."

"తెగులని ఎవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పాలా? కనపడుతూనే ఉందిగా."

ఆమె అతని చేతిలోంచి రొట్టె కత్తి తీసుకుని ఒక బొడిపెను నిలువుగా చీల్చింది. తారు కింద, బెరడు కింద, దారప్పోగుల్లాంటి తెల్లటి మొలకలు. అన్నీ నేలవైపే తిరిగి ఉన్నాయి.

"తెగులు కాదయ్యా. వేర్లు."

క్లెమ్‌కు అర్థం కాలేదు.

"వేర్లు క్లెమ్! కింద మట్టి దొరుకుతుందని వేసుకుంది. నేలకు ఎంత దూరంలో ఉండేది ఈ మోచేయి?"

అతనికి తెలుసు. ఆ వసంతంలోనే కొలిచాడు. "జానెడు" అన్నాడు.

"డోర్కస్ ఇక్కడ పక్క వేసేది కదా? ఎంతెత్తు వేసేది?"

"మోకాలెత్తు."

టాబితా ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది క్లెమ్‌కు. తిట్టినా బాగుండును. అతను నాపరాయి మీద కూర్చుండిపోయాడు. డోర్కస్ పోయినప్పుడు జనం ముందు ఏడవని మనిషి, ఇప్పుడు టాబితా చూస్తుండగా ఏడ్చాడు.

"చెయ్యి చాచింది టాబితా. మూడేళ్లు చాచింది. ఆ చేతికి తారు పూశాను."

టాబితా దొరికిన రెమ్మలన్నీ ఏరుకుని వెళ్లి తడి ఇసుకలో దాచి, ఆ ఫిబ్రవరిలో ఇరవై అంట్లు కట్టింది. ముదురు రెమ్మలు. ఒక్కటీ పట్టలేదు. చివరి కాయలతో క్లెమ్ ఒక పీపా కల్లు చేశాడు. తను తాగలేదు, ఊరికి పోశాడు. ఆ తర్వాత ఎవరు కబురు పెట్టినా గుంజలు తీసుకుని వెళ్లలేదు. "గోడలకైతే ఇంకొకణ్ణి పిలవండి, చెట్లకైతే ఎవర్నీ పిలవకండి" అనేవాడు. రూబెన్ కూడా ఆ హాస్యం ఆపేశాడు.

మరుసటి నవంబరులో, వాగు గట్టున ఉన్న ఇంకో బేరిచెట్టు అదే వైపు కాస్త ఒరిగినట్టు కనబడింది. క్లెమ్ ఒక కన్ను మూసి చూశాడు. బండి దగ్గరికి వెళ్లలేదు. గడ్డపార తెచ్చి, ముసలమ్మ ఉండిన చోట నాపరాళ్లు ఒక్కొక్కటే పెకలించాడు. అరవై ఒక్కేళ్ల వయసులో ఒక్కడే, మధ్యాహ్నం దాకా. రాళ్ల కింద అతను మొదటి ఏడు బద్ధకించి వదిలేసిన మట్టి ఉంది. చుట్టూ ఉన్నదంతా ఎర్రబంక, అదొక్కటే నల్లగా, వేలు పెడితే దిగిపోయేంత మెత్తగా ఉంది. ఒకటిన్నర తోపుడుబండికి సరిపడా వచ్చింది. దాన్ని తీసుకెళ్లి కొత్తగా ఒరుగుతున్న చెట్టు మోచేయి కింద పోస్తున్నాడు. టాబితా కంచె అవతల నుంచి చూసి లోపలికి వచ్చింది.

"ఇది దిగి ఆనేసరికి నువ్వుంటావా?"

"ఉండను."

"ఈ కాస్త మట్టి ఏ మూలకు? ఏటా వెయ్యాలి. నేనూ ఓ చెయ్యి వేస్తాలే" అని వంగి ఆ మట్టి వేళ్లతో నలిపింది. "పిప్పి తెలుస్తోంది. బూడిద తెలుస్తోంది. కుళ్లిన ఆకులు. ఇంకా ఏదో ఉంది ఇందులో. ఆమోస్ బాబాయి తన కూతురికే చెప్పాడు, మా ఎవరికీ చెప్పలేదు. డోర్కస్ ఇంకేం కలిపేదయ్యా?"

క్లెమ్ పార ఆపాడు. డోర్కస్ బండి తోసుకుంటూ ఈ దారినే వెళ్లడం, తిరిగొచ్చి గుమ్మంలో బూట్లు దులుపుకోవడం, అన్నీ కళ్లకు కట్టినట్టున్నాయి. ఆ బండిలో ఏముండేదో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"తెలీదు" అన్నాడు. "ఇరవై రెండుసార్లు పారతో ఎత్తి పోశాను టాబితా. అందులో ఏముందో ఒక్కసారీ చూడలేదు."

పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. టాబితాకు కూడా చూపించాడు. ఆమె చూసి తల అడ్డంగా ఊపింది. ఆ పిడికెడూ కుప్ప మీద వేసి, చేత్తో సర్ది, మిగతాది తేవడానికి ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లాడు.